గంటయ్యగారి గొంతు పోయాక

నేను, అనగా కాలవగట్టు వీధి చివరి ఇంట్లో కాపురముంటున్న దానను, బాలికల బడిలో కుట్టుపని టీచరుగా చేసి రిటైరైన దానను, గంటయ్యగారని అందరూ పిలుచుకున్న పాస్టరుగారి భార్యను, మంచి తెలివిలో ఉండి, ఒకరి ఒత్తిడికి గానీ ఒకరి తీపిమాటలకు గానీ లోబడక, దేవుణ్ణి ఎదురుగా పెట్టుకొని స్వదస్తూరీతో రాసుకుంటున్న మరణశాసనం ఇది. నేను మంచం మీద ఉన్న మాట నిజమే. విరిగింది తుంటి ఎముక అనీ, దానికీ బుద్ధికీ సంబంధం లేదనీ డాక్టరమ్మ విడిగా కాగితం ఇచ్చింది. దాన్ని దీనికి జతచేశాను.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా తమ్ముడి మీదా, మా అమ్మాయి మీదా పెడుతున్నాను. మా తమ్ముడు రైలు గార్డుగా చేసినవాడు. వాడు పచ్చజెండా ఊపేదాకా బండి కదలదు. త్వరపెట్టేవాళ్ళ పప్పులు వాడి దగ్గర ఉడకవని అందరూ ముందే తెలుసుకోవడం మంచిది.

1. నా దేహం గురించి. మా వారి సమాధికి రెండు పక్కలా చోటుంది. నన్ను ఆయనకు కుడి పక్కన పెట్టండి. నా కుడి చెవి చాలాకాలంగా మొద్దుబారింది. ఎడమ చెవే పనిచేస్తుంది. ఆ పక్కన పడుకుంటే మంచి చెవి ఆయన వైపు ఉంటుంది. చచ్చినవాళ్ళకు చెవులేమిటక్కా అని మా తమ్ముడు నవ్వుతాడు. నవ్వనీ. అందరూ లేపబడే రోజున ఆయనకు గొంతు తిరిగొస్తుందని నా నమ్మకం. ఒక్క పిలుపుకే లేవాలని నా ఆశ.

2. ఆ గొంతు గురించి. ఇది పంచిపెట్టే ఆస్తి కాదని నాకు తెలుసు. కానీ ఈ కాగితం చదివే నా మనవలు దాన్ని వినలేదు, వినకపోతే మిగతా అంశాలు వాళ్ళకు బోధపడవు.

నేను పెళ్ళికాని పిల్లగా ఉన్నప్పుడు ప్రార్థన మందిరం కిటికీలకు తెరలు కుట్టడానికి వెళ్ళాను. పక్క గదిలో కూర్చుని అంచులు మడుస్తుంటే, గోడ అవతల ఎవరో ఖాళీ బెంచీలకు ప్రసంగం చెబుతున్నారు. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు సాధన చేసుకుంటున్నాడన్నమాట. మనిషిని చూడలేదు. గొంతు విన్నాను. సూది అక్కడే ఆగిపోయింది. ఆ తెరలకు వంకర కుట్టు పడింది, ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూసుకోవచ్చు. ఒకసారి ఆరాధన మధ్యలో కరెంటు పోయి మైకు ఆగిపోతే, ఆయన ఆగలేదు. రోడ్డు మీద సైకిళ్ళు దిగి నిలబడి విన్నారు జనం. ఆ రోజు నుంచే ఆయన గంటయ్యగారయ్యారు.

ఇంట్లో మాత్రం ఆ గొంతు నన్ను పిలవడానికి. "ఏమోయ్" అనేవారు. అంతే. వంటింట్లో ఉన్నా, పెరట్లో ఉన్నా ఆ ఒక్క మాట నా వీపుకు తగిలేది.

తర్వాత గొంతులో గడ్డ లేచింది. "గొంతు తీసేస్తేనే మనిషి దక్కుతాడు" అన్నాడు పెద్ద డాక్టరు. చక్రాల బల్ల మీద ఆపరేషనుకు తీసుకుపోతుంటే నేను పక్కనే నడుస్తున్నాను. ఆ గొంతుతో మాట్లాడే ఆఖరి మాట అదే కదా, ఏదో పెద్దమాట అంటారని చెవులు రిక్కించుకొని ఉన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి నా చేతిలో పెట్టి "ఏమోయ్, ఇవి జాగ్రత్త, ఒక పుల్ల వదులుగా ఉంది" అన్నారు. తలుపు మూసుకుంది.

ఆ కళ్ళద్దాలు ఎవరికీ రాయడం లేదు. నాతోపాటు పెట్టెలో పెట్టండి. జాగ్రత్తగానే ఉంచాను.

3. నా ఊలు కోటు ఆసుపత్రిలో పనిచేసే పొట్టి ఆయాకు చెందవలెను. చేతులు ఆవిడకు పొడుగవుతాయి గనుక ముందే మడిచి కుట్టి ఉంచాను.

ఆపరేషన్ అయ్యాక మా వారిని బాగుకాని రోగుల వార్డులో పడుకోబెట్టారు, వేరే చోటు ఖాళీ లేక. పక్క మంచంలో స్టేషన్లో మూటలు మోసే ముసలాయన. ఆయనకు నా అన్నవాళ్ళు లేరు. ఆయాలు ఇద్దరే, మంచాలు వార్డు నిండా. ఒక పొద్దున ఆ ముసలాయనకు వాంతి వచ్చింది. పిలిచినా పొట్టి ఆయా ఆ చివర నుంచి రావాలి. మా వారు, ఇంకా కుట్లు తడి ఆరలేదు, ముక్కులో గొట్టం ఉంది, లేచి బేసిను పట్టుకున్నారు. పట్టుకొని, ముసలాయన నుదురు చేత్తో ఆనించుకొని నిలబడ్డారు. అంతా అయ్యాక ఆయన తలెత్తి "ఎవరయ్యా నువ్వు?" అన్నాడు.

ఊళ్ళో చిన్నపిల్లలు కూడా ఎరిగిన మనిషిని ఎవరు నువ్వని అడగడం నేను వినడం అదే మొదలు. చెప్పడానికి ఆయన దగ్గర గొంతు లేదు. నేను చెప్పబోయాను. చెయ్యి ఊపి వద్దన్నారు. పరుగున వచ్చిన పొట్టి ఆయా బేసిను అందుకుంటూ "అయ్యో, మీకెందుకండీ ఈ పని, కుట్లు తెగితే నా ఉద్యోగం తెగుతుంది" అంది. ఆయన నవ్వారు. చప్పుడు లేని నవ్వు.

ఇంటికొచ్చాక పిల్లల పలక ఒకటి కొనిపెట్టాను, దాని మీద రాసి మాట్లాడేవారు. మొట్టమొదట రాసింది నాకోసం కాదు. "ఆ మూటల తాతకు ఎవరు తినిపిస్తున్నారో" అని రాశారు. మర్నాడు కనుక్కోవడానికి వెళ్ళారు. ఆ వెళ్ళడం బతికున్నన్నాళ్ళూ సాగింది.

4. వరండాలో ఉన్న ఎర్ర మఖమలు కుర్చీ అదే వార్డుకు చెందవలెను. రోగి పక్కన కూర్చునే బంధువులకు అక్కడ ఇనుప స్టూళ్ళు తప్ప ఏమీ లేవు.

ఈ కుర్చీ కథ కాస్త చేదు. మా వారికి గొంతు పోయాక సంఘం వాళ్ళు గౌరవంగా వేదిక మీద ఈ కుర్చీ వేశారు. మాట్లాడనక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలన్నారు. మొదట్లో కూర్చున్నారు, కొత్త పాస్టరు చెబుతుంటే తలాడిస్తూ. ఆపైన ఒక ఆదివారం కుర్చీ ఖాళీ. వెతుక్కుంటూ ఆసుపత్రికి పోతే, తడి నడవా చివర, పంట్లాం మోకాళ్ళదాకా మడుచుకొని, మూటల తాత పాదాలు సబ్బుతో రుద్దుతున్నారు. పక్కన పళ్ళెంలో మైలగుడ్డలు.

సంగతి ఊరంతా పాకింది. సంఘంలో నల్లకోటు పెద్దాయన ఒకరుండేవారు, ఎండాకాలంలో కూడా ఆ కోటు విప్పేవారు కాదు. ఆయన మా గుమ్మంలోకి వచ్చి "అమ్మగారూ, మేము కుర్చీ వేస్తే అయ్యగారు వెళ్ళి మలమూత్రాలు ఎత్తుతున్నారు. మనకు తలవంపులు కాదా? గొంతుతోపాటు మతి కూడా తీసేశారా ఏమిటి?" అన్నారు. నేను తలుపుకు అడ్డంగా నిలబడి "మా ఆయన మతి నిక్షేపంలా ఉంది, మీ కుర్చీకే కాళ్ళు మరీ పొడుగయ్యాయి" అన్నాను. అన్నాను గానీ, ఆయన వెళ్ళగానే లోపలికొచ్చి పలక మా వారి ఒళ్ళో పడేసి "ఆ పనికి మనుషులు లేరా?" అని అడిగాను. ఆయన తాపీగా రాశారు: "ఉన్నారు. నేను వాళ్ళలో ఒకణ్ణి."

కొన్నాళ్ళకు నల్లకోటు పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. చేర్చింది ఆ వార్డులోనే. మా వారు వేడినీళ్ళతో మంచం దగ్గరికి వస్తే, పెద్దాయన కళ్ళు మూసుకొని, పనిచేసే చెయ్యొకటి ఉంది కదా, దాంతో ఆయన్ని తోసేశారట. మళ్ళీ మళ్ళీ తోశారట. నీళ్ళు చల్లారిపోయాయి. మా వారు వెళ్ళి మళ్ళీ వేడినీళ్ళు తెచ్చుకొని నిలబడ్డారట. చివరకు ఆ చెయ్యి మా వారి భుజం మీద పడి అక్కడే ఉండిపోయింది. ఇదంతా పెద్దాయన భార్యే నాకు చెప్పింది. పెద్దాయన పోయాక, మందిరంలో ఖాళీగా పడున్న ఈ కుర్చీని ఆవిడే రిక్షాలో పెట్టించి మా ఇంటికి పంపింది.

పెద్దాయన మీద నాకున్న కోపాన్ని ఎవరికీ రాసి ఇవ్వడం లేదు. సగం ఎప్పుడో పోయింది. మిగిలిన సగం నాతో పోతుంది.

5. నా రెండు కంబళ్ళు, కొత్తదీ పాతదీ, వార్డులో కిటికీ పక్క మంచంలో ఉండే చూపులేని ఆయనకు చెందవలెను.

ఈయన ఒకప్పుడు హార్మోనియాలు బాగుచేసేవాడు. జబ్బుతో కళ్ళు పోయాయి, తర్వాత కాళ్ళు. మా వారు ఈయనకు చాలాకాలం స్నానం చేయించారు. చేయించేది ఎవరో ఈయనకు తెలియదు, మాట్లాడని పనివాడు అనుకున్నాడు. "చెవుడా నీకు? నీళ్ళు కాలుతున్నాయంటే వినవేం?" అని కసిరేవాడు. మా వారు చన్నీళ్ళు కలిపేవారు. ఒళ్ళు తుడిపించుకుంటూ ఈయన కబుర్లు చెప్పేవాడు. "ఒరే, నువ్వు ఎప్పుడైనా గంటయ్యగారి ప్రసంగం విన్నావా? విని ఉండవులే, నీకు చెవుడు కదా. ప్రభువు నడుముకు తువ్వాలు కట్టుకొని శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి ఆయన చెబుతుంటే నేను వెనక బెంచీలో కూర్చుని ఏడ్చాను. అలాంటి గొంతు మళ్ళీ పుట్టదు. ఆ వీపు కాస్త గట్టిగా రుద్దు."

ఇది నేను నా ఈ చెవితో విన్నాను. తలుపు దగ్గర టిఫిను డబ్బాతో నిలబడి ఉన్నాను. మా వారు నన్ను చూశారు, వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. తర్వాత ఆయన వీపు గట్టిగా రుద్దారు. చెప్పవద్దని పలక మీద రాసి వార్డంతటికీ చూపించారట. ఎవరూ చెప్పలేదు.

మా వారిని పూడ్చిన మర్నాడు పొట్టి ఆయా ఉండబట్టలేక ఈయనకు చెప్పేసింది. నేను వెళితే నా చేతులు పట్టుకొని "అమ్మా, ఆయన్ని నేను ఒరే అన్నానమ్మా" అన్నాడు. "ఆయన్ని అలా పిలిచినవాళ్ళు మీరొక్కరే. ఇంటికొచ్చి ఆ రోజు ఎన్ని తిట్లు పడ్డాయో సంబరంగా రాసేవారు" అన్నాను. అది నిజం.

అప్పటినుంచి వీలైన ఆదివారమల్లా మధ్యాహ్నం ఆయన దగ్గరికి వెళ్ళి కూర్చునేదాన్ని. ఆయన మా వారి ప్రసంగం అనుకరించి వినిపిస్తాడు. మొదట గొంతు సవరించుకోవడం, తర్వాత "ప్రియులారా" అని సాగదీయడం, ఒకచోట ఆగడం. నేను కళ్ళు మూసుకుంటాను. ఆ గొంతుకూ ఈ గొంతుకూ పోలికే లేదు, నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. అయినా వెళ్ళేదాన్ని. ఇప్పుడు మంచం దిగలేకపోవడంలో నాకున్న పెద్ద దిగులు అదే.

6. బీరువా కింది అరలో పల్చటి తెల్లగుడ్డలు ఒక కట్ట ఉంది, నాడాలతో. మా వారి గొంతు కింది రంధ్రానికి దుమ్ము పోకుండా అడ్డం కట్టడానికి కుట్టినవి. ఆయన పోయాక కూడా చేతులు ఊరుకోక కుట్టాను. గొంతు ఆపరేషన్ అయి వచ్చేవాళ్ళకు ఇవ్వండి. కట్ట అడుగున నీలి అంచుది ఒకటుంటుంది. అది ఆయన కట్టుకున్నది, ఇవ్వకండి.

7. కుట్టుమిషను, ముందు రెండు గదులు, వంటిల్లు, అందులోని సామాను మా అమ్మాయికి చెందవలెను. అది నీళ్ళ ఆఫీసులో గుమాస్తా. పెళ్ళి వద్దంది, నేను అడగడం మానేశాను. ప్రార్థనకు కూడా రాదు. "నాన్న గొంతు తీసుకున్న దేవుడితో నేను మాట్లాడను" అంది చిన్నప్పుడు, ఆ అలక ఇంకా తీరలేదు. తీరితే చూడాలని ఉంది. కానీ సెలవురోజు వస్తే గోళ్ళు తీసే కత్తెర సంచిలో వేసుకొని వార్డుకు పోతుంది, రోగుల చేతులూ కాళ్ళూ ముందేసుకు కూర్చుంటుంది. ఎవరి కోసమే అంటే "వాళ్ళ గోళ్ళు పెరిగాయమ్మా" అంటుంది. మాట్లాడని దేవుడితో దీనికి ఎంత పనో!

8. వెనక గది, దాని వరండా, పెరటి పంపు మా అమ్మాయి అజమాయిషీలో ఉంచి, వార్డులో రోగులకు తోడుగా వచ్చేవాళ్ళ కోసం వాడవలెను. వాళ్ళు నడవాలో తడినేల మీద పడుకోవడం నేను కళ్ళారా చూశాను. ఏ మతమని అడగకూడదు. వాళ్ళతో ప్రార్థన చేయించకూడదు, వాళ్ళే అడిగితే తప్ప. గోడ మీద మా వారి పటం పెట్టకూడదు. రాత్రికి చోటిచ్చి, పొద్దున వేడినీళ్ళిస్తే చాలు.

9. గుట్ట కింద ఉన్న స్థలం, నాకు మా నాన్నగారి వల్ల వచ్చినది, మా అబ్బాయికి చెందవలెను.

మా అబ్బాయి పెద్ద సంఘానికి పాస్టరు. వాళ్ళ నాన్న గొంతు పూర్తిగా వాడికి దిగింది. వాడు గుమ్మంలో నిలబడి పిలిస్తే ఒక్క క్షణం నా గుండె ఆగి కొట్టుకుంటుంది. ఆ తర్వాత వాడే అని తెలుస్తుంది. తల్లికి రాకూడని నిరాశ అది, వాడి తప్పేమీ లేదు.

వాడు వాళ్ళ నాన్న సంగతి ప్రసంగాల్లో చెబుతాడు. గొంతు పోగొట్టుకొని తువ్వాలు అందుకున్న మనిషి గురించి వాడు చెబుతుంటే రాయి కూడా కరుగుతుంది. కానీ వాడు ఆ వార్డులో అడుగుపెట్టగా నేను చూడలేదు. ఒకసారి వచ్చి "అమ్మా, నాన్నగారి తువ్వాలు ఇవ్వు, మా మందిరంలో అద్దాల పెట్టెలో పెడదాం, జనం చూస్తారు" అన్నాడు. చూద్దాంలే అన్నాను. వాడు అటు వెళ్ళగానే దాన్ని నాలుగు ముక్కలు చేసి, అంచులు కుట్టి వార్డుకు పంపాను. అది తుడవడానికి నేసిన గుడ్డ.

నేను ఇంతకుముందు ఒక వీలునామా రాశాను. ఒక నెలరోజులు ఆ వార్డులో ఆయాల కింద పనిచేస్తే తప్ప ఈ స్థలం వాడికి రాదని అందులో షరతు పెట్టాను. చెల్లుతుందన్నాడు ప్లీడరు. చెల్లుతుంది సరే, చెల్లినంత మాత్రాన అది సేవవుతుందా అని నా మనసు పీకుతూనే ఉంది. అయినా ఉంచాను.

మొన్న మెట్టు మీద జారి తుంటి విరిగాక నన్ను ఆసుపత్రిలో చేర్చారు. మా అబ్బాయి పరుగున వచ్చాడు, వెంట సంఘం మనుషులు ఆరేడుగురు. పళ్ళు, పూలు. వాడు గొంతెత్తి ప్రార్థన చేశాడు, మంచాలన్నీ ఇటు తిరిగాయి. ఆమెన్ అనేలోపే నాకు అవసరం వచ్చింది. వాడి చెవిలో "నాయనా, ఆయాని పిలు, ఆగలేను" అన్నాను. వెళ్ళాడు, తిరిగొచ్చాడు. "ఎవరూ లేరమ్మా" అన్నాడు. నా మొహం చూశాడు. అటూ ఇటూ చూశాడు. తర్వాత వెంట వచ్చినవాళ్ళతో "మీరు కాస్త బయట ఉండండి" అని, తెర లాగాడు.

వాడికి ఏమీ తెలియదు. బెడ్ పాన్ ఎటువైపు పెట్టాలో తెలియదు. "నడుం వంచకురా, ఎత్తు" అన్నాను. ఇస్త్రీ చొక్కా చేతుల మీద ఒలికింది. మొదట మొహం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత తిప్పుకోలేదు. నీళ్ళు తెచ్చి కడిగాడు, తుడిచాడు, చీర సర్దాడు. అప్పుడు నా మీదికి వంగి "అమ్మా, నొప్పి పెట్టానా?" అన్నాడు.

ఆ గొంతు వాళ్ళ నాన్నది కాదు. ఎక్కడో బొంగురుపోయి, సన్నగా, చివర విరిగిపోయిన గొంతు. అది మా అబ్బాయిది. ఇన్నేళ్ళలో నేను దాన్ని వినడం అదే మొదలు. లేదురా, నొప్పి లేదు అన్నాను. బాగానే నొప్పి పెట్టింది.

పక్క మంచంలో ముసలావిడ తెర సందులోంచి "బాబూ, ఎలాగూ నిలబడ్డావు, నాకూ కాస్త అందిస్తావా?" అంది. నేను వాడి వైపు చూడలేదు, పైకప్పు చూస్తూ పడుకున్నాను. కాసేపటికి తెర అవతల నుంచి వాడి మాట వినబడింది: "వంచకండమ్మా, నేను ఎత్తుతాను, ఉండండి."

ఆ వచ్చే ఆదివారం వాడి ప్రసంగం ఫోనులో పెట్టించుకొని మొదటినుంచి చివరిదాకా విన్నాను, భయపడుతూ. ఆ సంగతి వాడు చెప్పలేదు. ఆ తర్వాతి ఆదివారమూ చెప్పలేదు. అప్పుడు పాత వీలునామా తెప్పించుకొని చింపేశాను. ఇది రాస్తున్నాను. స్థలం వాడిది, ఏ షరతూ లేదు.

నన్ను పూడ్చే రోజున వాడు ప్రసంగం చేయకూడదు. మైకు పెట్టకూడదు. మట్టి వేసే ముందు అమ్మా అని ఒక్కసారి పిలిస్తే చాలు, తెర లాగి పిలిచిన ఆ గొంతుతో. వెనక నిలబడ్డవాళ్ళకు వినబడకపోయినా ఫరవాలేదు.

పైన రాసినదంతా చదువుకొని, సమ్మతించి, సాక్షుల ఎదుట జూలై నెల పద్నాలుగో తేదీ, మంగళవారం, మా ఇంటి ముందుగదిలో, మంచం మీదనే చేవ్రాలు చేసితిని.

(చేవ్రాలు)
గంటయ్యగారి భార్య, కుట్టు టీచరు

సాక్షులు (వీరికి ఈ వీలునామా వలన గుడ్డపీలిక కూడా రాదు):
1. ఎదురింటి గడియారాల మెకానిక్కు
2. నల్లకోటు పెద్దాయన భార్య